ఎరుపు అని రాసి ఉంటే ఆకుపచ్చ అనగలరా? ఇంట్లోనే చేసి చూడండి

హన్మకొండ చౌరస్తాలో ఏ స్టేషనరీ షాపులోనైనా దొరికే స్కెచ్ పెన్నుల ప్యాకెట్ ఒకటి చాలు. తెల్లకాగితం మీద ఎరుపు, నీలం, ఆకుపచ్చ, నలుపు అని కలిపికొట్టి ఓ ఇరవై మాటలు రాయండి, కానీ ఏ మాటనూ దాని రంగుతో రాయొద్దు, అంటే ‘ఎరుపు’ను ఆకుపచ్చ పెన్నుతో, ‘నీలం’ను ఎర్ర పెన్నుతో. ఇప్పుడు మాట చదవకుండా సిరా రంగు మాత్రమే గబగబా పైకి చెప్పాలి. ఫోన్‌లో టైమ్ పెట్టండి. తర్వాత అవే రంగుల్లో ఉత్త చుక్కలు పెట్టి మళ్లీ చెప్పండి. మాటల దగ్గర నాలుక ఎంత తడబడిందో అప్పుడు తెలుస్తుంది.

జాన్ రిడ్లీ స్ట్రూప్ అనే అమెరికన్ సైకాలజిస్టు 1935లో ప్రచురించిన ప్రయోగం ఇలాంటిదే. చదవడం మనకు ఎంత అలవాటైపోయిందంటే వద్దన్నా ఆగదు, రంగు పేరు తట్టేలోపే మాట నోటిదాకా వచ్చేస్తుంది. ఈ పెనుగులాటను పసిగట్టడంలో మెదడులోని యాంటీరియర్ సింగులేట్ కార్టెక్స్ అనే భాగానికి, దృష్టిని రంగు మీదే నిలపడంలో మెదడు ముందువైపు ఉండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌కు పాత్ర ఉంటుంది.

ఇంట్లో రంగుల పేర్లు తెలిసి, చదవడం ఇంకా రాని చిన్నపిల్ల ఉంటే తప్పకుండా చేయించండి, నాకైతే అన్నిటికన్నా ముచ్చటైన భాగం అదే, అక్షరాలు అడ్డురావు కాబట్టి టకటకా చెప్పేస్తుంది.

ఎప్‌సెట్‌కు చదివే పిల్లలున్నారా? వాళ్లు పుస్తకం పట్టినప్పుడు పక్కగదిలో టీవీ వార్తలు కట్టేయండి. వినిపించే మాటలు కూడా చదివే మాటలకు ఇలాగే అడ్డుపడతాయి.