ప్రాసెస్ మోడలింగ్ పేపర్‌కి ముందు ఒక డ్రమ్ము చూసుకోండి

కెమికల్ ఇంజినీరింగ్ మూడో సంవత్సరంలో ప్రాసెస్ మోడలింగ్, అంటే ట్యాంకుల్లో, యంత్రాల్లో జరిగేదాన్ని సమీకరణాల్లో రాసే సబ్జెక్టు, నాకు ఒకసారి పోయింది. చదవక కాదు. పదిహేను డెరివేషన్లు అక్షరం పొల్లు పోకుండా బట్టీ పట్టాను. పరీక్షలో ట్యాంకుని గరాటు ఆకారంలో ఇచ్చారు. నేను నేర్చుకున్నది నిలువు ట్యాంకు. అంతే, పెన్ను ఆగిపోయింది.

సప్లిమెంటరీకి తిరుపతిలో బైరాగిపట్టెడ దగ్గర ఒక మిద్దెపైన అద్దె గదిలో ఉండి చదివాను. ఆ మిద్దె మీద అడుగున కొళాయి ఉన్న నీళ్ల డ్రమ్ము ఒకటి ఉండేది. ఈ సబ్జెక్టు నాకు నేర్పింది అదే. ఇప్పుడు జూనియర్లు అడిగితే నేనూ ముందు డ్రమ్ము సంగతే ఎత్తుతాను.

స్కేలు, ఫోన్‌లో స్టాప్‌వాచ్, నోట్‌బుక్ చాలు. డ్రమ్ము నింపి, కొళాయి పూర్తిగా తిప్పి, పది నిమిషాలకోసారి నీటి మట్టం కొలవండి. కింద బకెట్లు పెట్టుకోవడం మరవద్దు. నేను మొదటిరోజు మరిచాను. మే నెల ఎండలో మిద్దె మెట్ల మీదుగా నీళ్లు పారుతుంటే ఓనరమ్మ కిందినుంచి, "ఏం పాపా, నీళ్లట్లా పారబోస్తా ఉండావే, రేపు కొళాయి వస్తాదని నీకెవరు చెప్పినారు?" అని కేకేసింది. మర్నాటి నుంచి ఆ నీళ్లతోనే బట్టలు ఉతికాను.

నా డ్రమ్ము వ్యాసం 40 సెంటీమీటర్లు. అడుగునుంచి కొలిస్తే మట్టాలు 68, 40, 20, 8 సెంటీమీటర్లు. చెప్పడానికి తేలికగా ఉండాలని కొంచెం గుండ్రం చేశాను. కొళాయిలోంచి వచ్చే ధార మట్టం వర్గమూలాన్ని బట్టి ఉంటుందని పుస్తకం చెబుతుంది. అది నిజమైతే వర్గమూలాలు ప్రతి పది నిమిషాలకీ ఒకే లెక్కన తగ్గాలి. నాకు 1.92, 1.85, 1.64 చొప్పున తగ్గాయి. సమీకరణమే తప్పేమో అనుకుని రెండు రోజులు తల బాదుకున్నాను. చివరికి చూస్తే కొళాయి డ్రమ్ము అడుగున లేదు, 4 సెంటీమీటర్లు పైన ఉంది! నీటిని తోసేది కొళాయి పైన ఉన్న ఎత్తే కదా. నాలుగేసి తీసేస్తే 64, 36, 16, 4. వర్గమూలాలు 8, 6, 4, 2. నోట్‌బుక్ పట్టుకుని మెట్ల మీద కూర్చుని ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

అందుకే ప్రతి లెక్కకీ ముందు బొమ్మ గీయండి. దేని చుట్టూ గీత గీస్తున్నారో, ఎత్తు ఎక్కడినుంచి కొలుస్తున్నారో ఆ బొమ్మ మీదే రాయండి. తర్వాత అజంప్షన్లు: సాంద్రత మారదు, అడ్డుకోత వైశాల్యం ఎత్తుతో మారదు, ఆవిరి లెక్కలోకి రాదు. అప్పుడే సమీకరణం. లోపలికి వచ్చింది, బయటికి పోయింది, లోపల పుట్టింది, లోపల పేరుకుంది, ఈ నాలుగూ తప్ప అందులో ఇంకేమీ ఉండదు. నన్ను ముంచిన గరాటు ట్యాంకులో మారేది ఆ వైశాల్యం ఒక్కటే. అజంప్షన్లు రాసుకుని ఉంటే ఏ లైను మార్చాలో అక్కడే కనబడేది. ఇక తెలియనివెన్ని, సమీకరణాలెన్ని అని లెక్కపెట్టడం ఒక నిమిషం పని. మానకండి.

ఎనర్జీ బ్యాలెన్స్‌కి, అంటే వేడి రాకపోకల లెక్కకి, డ్రమ్ము చాలదు. పాకాల వైపు మా మామ పాలు పోసే శీతలీకరణ కేంద్రానికి ఒక సాయంత్రం వెంట పోయాను. 1000 లీటర్ల పాలంటే సుమారు 1030 కిలోలు. కిలోకి డిగ్రీకి 3.9 కిలోజౌల్స్ చొప్పున 35 డిగ్రీల నుంచి 4కి దించాలంటే దాదాపు 1,24,500 కిలోజౌల్స్ లాగెయ్యాలి. మూడు గంటల్లో కావాలంటే సగటున 11.5 కిలోవాట్లు. ఇంతవరకూ ఇంటర్ పిల్లలైనా చేస్తారు. అసలు చిక్కు ఏమిటంటే పాలు ఒకేసారి రావు, క్యాను వెనక క్యాను వస్తాయి. అంటే ట్యాంకులో బరువూ మారుతోంది, ఉష్ణోగ్రతా మారుతోంది. పేరుకునేది ఆ రెండింటి లబ్ధం. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే: బరువుని స్థిరమనుకుని బయటికి లాగేస్తారు. లబ్ధాన్ని సరిగా విడదీసి, బరువు రాకపోకల లెక్కని, అంటే మాస్ బ్యాలెన్స్‌ని అందులో పెడితే, వచ్చే పాలకీ లోపలి పాలకీ మధ్య ఉష్ణోగ్రత తేడా దానంతటదే తేలుతుంది. ట్యాంకులో తిరిగే రెక్కని కూడా చూడండి. పుస్తకంలో 'పర్‌ఫెక్ట్ మిక్సింగ్' (ట్యాంకంతా ఒకే ఉష్ణోగ్రత) అని ఒక్క ముక్కలో తేల్చేసేది దాని కష్టాన్నే.

కంప్యూటర్ జోలికి ఆఖర్న పోండి. లెక్కలు చేసే సైలాబ్, ప్లాంట్లని అనుకరించే డీడబ్ల్యూసిమ్ సాఫ్ట్‌వేర్లు రెండూ ఉచితమే, మన చదువుకి సరిపోతాయి. కానీ ముందు ఆయిలర్ పద్ధతిని చేత్తో చేయండి: ఇప్పుడున్న వేగమే కాసేపు మారదనుకుని ఒక అడుగు ముందుకు వేయడం. నా డ్రమ్ములో కొళాయి పైనుంచి కొలిస్తే మట్టం తగ్గే వేగం నిమిషానికి 0.4 ఇంటూ మట్టం వర్గమూలం. 64 దగ్గర మొదలుపెట్టి ఒకే అడుగులో పది నిమిషాలు దూకితే 32 వస్తుంది. ఐదేసి నిమిషాల రెండు అడుగులు వేస్తే 34.1. అసలు జవాబు 36. ఇరవై నిమిషాలు ఒకేసారి దూకితే డ్రమ్ము ఖాళీ అని చెబుతుంది, ఇంకా 16 సెంటీమీటర్ల నీళ్లుండగానే! ఇది ఒకసారి కాగితం మీద చూసినవాళ్లు స్క్రీన్ మీద వచ్చిన గ్రాఫ్‌ని గుడ్డిగా నమ్మరు.

యూనిట్ల గురించి ఒక్క మాట. ఆ 0.4 సెంటీమీటర్లు, నిమిషాల లెక్కలోది. మీటర్లు, సెకన్లలో అది వేరే అంకె. టెన్షన్‌లో ఇది మరిచి మార్కులు పోగొట్టుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను.

ఇక మీకొక పని. అదే డ్రమ్ము, అడుగు కొళాయి తెరిచే ఉంది. పైనుంచి నిమిషానికి 2 లీటర్లు పడుతున్నాయి. ఖాళీ డ్రమ్ముతో మొదలుపెట్టినా, నిండు డ్రమ్ముతో మొదలుపెట్టినా మట్టం కొళాయికి 16 సెంటీమీటర్ల పైన నిలుస్తుంది. ధారని 4 లీటర్లు చేస్తే 32 దగ్గర ఆగదు, 64కి పోతుంది. ఎందుకో పుస్తకం మూసి రెండు వాక్యాల్లో రాయండి. రాయగలిగితే రియాక్టర్ల చాప్టర్ తెరవొచ్చు.