డేటాబేస్‌కి రిపోర్ట్ సాఫ్ట్‌వేర్ ఎలా ఎంచుకోవాలి?

రిపోర్ట్ సాఫ్ట్‌వేర్ కొనేటప్పుడు చాలామంది డెమో చూసి సంతకం పెట్టేస్తారు. ఆ డెమోలో ఉండే డేటా సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లదే. పేర్లన్నీ ఇంగ్లిష్‌లో ఉంటాయి, ఏ రిపోర్టూ రెండు పేజీలు దాటదు. కొన్నాళ్లకి ఆఫీసులో అందరూ మళ్లీ ఎక్సెల్‌లోకి కాపీ చేసుకుని మొత్తాలు కట్టుకుంటుంటారు. కాబట్టి డెమో పక్కన పెట్టి, మీ దగ్గరున్న అన్నిటికంటే కష్టమైన రిపోర్టు ఒకటి పట్టుకోండి. దాన్ని మీ డేటాతో చేసి చూపించిన సాఫ్ట్‌వేరే కొనండి. ఇక్కడ నేను పాల డెయిరీని ఉదాహరణగా తీసుకుంటున్నాను, ఎందుకంటే రిపోర్టులో రాగల తలనొప్పులన్నీ రైతుకిచ్చే పదిహేను రోజుల పాల బిల్లులో ఉంటాయి.

1. రిపోర్టుల్ని రెండు కుప్పలు చేయండి

ఇప్పుడు వాడుతున్నవన్నీ ఒక్కో ప్రింట్ తీసి బల్ల మీద పెట్టుకోండి. తెర మీద చూసి వదిలేసేవి ఒక పక్క, ప్రింట్ తీసి ఎవరి చేతికైనా ఇచ్చేవి ఇంకో పక్క. మొదటి రకానికి పవర్ బీఐ, మెటాబేస్ లాంటివి చాలు. రెండో రకానికి పేజీల లెక్కన అచ్చు తీసేవి కావాలి, అంటే జాస్పర్ రిపోర్ట్స్, బర్ట్, క్రిస్టల్ రిపోర్ట్స్, ఎస్‌ఎస్‌ఆర్‌ఎస్ (మైక్రోసాఫ్ట్ వాళ్ల ఎస్‌క్యూఎల్ సర్వర్ డేటాబేస్‌తో వచ్చిన రిపోర్ట్ సాఫ్ట్‌వేర్) వంటివి. బిల్లులు కూడా డాష్‌బోర్డ్ (తెర మీద చూసే రిపోర్టు) నుంచే తీద్దాం అనేవాళ్లు పవర్ బీఐ మామూలు రిపోర్టులో పొడవాటి టేబుల్ పెట్టి ఒకసారి పీడీఎఫ్ తీసి చూడండి, తెర మీద కనిపిస్తున్న వరసలే వస్తాయి, స్క్రోల్ చేస్తే వచ్చేవి రావు. అందులోనే పేజినేటెడ్ రిపోర్ట్ అని వేరే రకం ఉంది, బిల్లుకి అదే వాడాలి.

2. సర్వర్, డబ్బు

ఎస్‌క్యూఎల్ సర్వర్ ఉన్నవాళ్లు ఒకటి గమనించాలి, ఎస్‌ఎస్‌ఆర్‌ఎస్ 2022 వెర్షన్‌తో ఆగిపోయింది, ఎస్‌క్యూఎల్ సర్వర్ 2025 నుంచి దాని స్థానంలో పవర్ బీఐ రిపోర్ట్ సర్వర్ వచ్చింది. మీ డేటాబేస్ మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్ అయితే జాస్పర్, బర్ట్ ఉచితంగా దొరుకుతాయి, కానీ జావా తెలిసిన మనిషి దగ్గరుండాలి. లైసెన్స్ యూజర్ల లెక్కనా, సర్వర్ లెక్కనా అన్నది కాగితం మీద రాయించుకోండి. రిపోర్ట్ సాఫ్ట్‌వేర్‌కి డేటాబేస్‌లో చదవడానికి మాత్రమే అనుమతి ఉన్న యూజర్‌ని ఇవ్వండి.

3. లెక్కలు డేటాబేస్‌లోనే చేయాలి

టేబుళ్లని మౌస్‌తో లాగి కలిపే విజార్డ్‌ల జోలికి పోవద్దు. ఒక రైతు పదిహేను రోజుల్లో పూటకొకసారి చొప్పున 30 సార్లు పాలు పోశాడు, దాణాకి ఒకటి, అడ్వాన్సుకి ఒకటి రెండు కోతలున్నాయి. ఈ రెండు టేబుళ్లనీ రైతు కోడ్ మీద నేరుగా కలిపితే 60 వరసలొస్తాయి, 9,000 రూపాయల పాల డబ్బు కాస్తా 18,000 అవుతుంది. విడివిడిగా మొత్తాలు కట్టి, ఆ తర్వాత కలిపే వ్యూ (టేబుల్‌లాగా వాడుకునే, ముందే రాసిపెట్టిన క్వెరీ) ఒకటి డేటాబేస్‌లో రాసిపెట్టండి. మీరు రాసిన ఎస్‌క్యూఎల్‌ని (డేటాబేస్‌ని అడిగే భాష) గానీ వ్యూని గానీ తీసుకోని సాఫ్ట్‌వేర్‌ని అక్కడే జాబితాలోంచి తీసేయండి.

4. తెలుగు పీడీఎఫ్ పరీక్ష

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే, అందుకే ఇది తొందరపడకుండా చేయాలి. తెర మీద తెలుగు చక్కగా కనిపించిందని నమ్మకండి. తెర మీద అక్షరాలు కూర్చేది విండోసో బ్రౌజరో అయితే, పీడీఎఫ్ తయారుచేసేది సాఫ్ట్‌వేర్ లోపలున్న ఇంకో లైబ్రరీ. తెలుగుకి ఫాంట్ ఒక్కటే ఉంటే చాలదు, ఏ వత్తు ఎక్కడ కూర్చోవాలో ఫాంట్‌లో ఉన్న నియమాల్ని ఆ లైబ్రరీ చదవగలగాలి. చదవలేకపోతే 'స్త్రీ' అన్న మాటలో స, త, ర విడివిడిగా పడి మధ్యలో పొల్లులు కనిపిస్తాయి.

పరీక్షకి రాము, సీత లాంటి పేర్లు పనికిరావు. జ్యోత్స్న, లక్ష్మీనరసింహం, కృష్ణమూర్తి, రాజరాజేశ్వరి, ఇలాంటివి ఓ పది పేర్లు పెట్టండి. పీడీఎఫ్‌ని మీ ల్యాప్‌టాప్ నుంచి తీయొద్దు, రేపు బిల్లులు తయారయ్యే సర్వర్ నుంచే తీయాలి. మీ ల్యాప్‌టాప్‌లో విండోస్‌తో వచ్చిన తెలుగు ఫాంట్ ఉంటుంది, లైనక్స్ సర్వర్‌లో అది ఉండదు. తర్వాత ఆ ఫైల్‌ని తెలుగు ఫాంట్లు లేని ఇంకో కంప్యూటర్‌లో తెరవండి, ప్రింట్ కూడా తీయండి.

తప్పొస్తే తప్పు ఏ రకమో చూడండి. ప్రశ్నార్థకాలు పడితే రిపోర్ట్ సాఫ్ట్‌వేర్‌ని తిట్టి లాభం లేదు, సాధారణంగా డేటాబేస్‌లోకి ఎక్కించినప్పుడే అక్షరాలు పోయి ఉంటాయి (ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో యూనికోడ్ అక్షరాలు పట్టే ఎన్‌వర్‌క్యార్ రకం బదులు మామూలు వర్‌క్యార్ రకం కాలమ్ పెడితే సాధారణంగా జరిగేది ఇదే). డబ్బాలు పడితే ఫాంట్ లేదని అర్థం. వత్తులు విడిపోతే లైబ్రరీకి కూర్పు రావడం లేదు. జాస్పర్‌లో ఈ మూడోదానికి గ్లిఫ్ రెండరర్ అనే సెట్టింగ్ ఉంది, తెలుగు ఫాంట్‌ని ఎక్స్‌టెన్షన్‌గా జతచేసి అది పెట్టి చూశాకే పనికొస్తుందో లేదో తేల్చుకోండి. పాత డేటా అను ఫాంట్లలో (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు) ఉంటే ముందు యూనికోడ్‌లోకి మార్చుకోవాలి.

ఇంత టెన్షన్ ఎందుకు, పేర్లు ఇంగ్లిష్‌లో పెట్టేస్తే పోలా అంటారు కొందరు. వెంకటరమణని ఇంగ్లిష్‌లో నాలుగు రకాలుగా రాస్తారు, ఇక ఒకే ఊళ్లో ముగ్గురు వెంకటరమణలుంటే ఎవరి బిల్లు ఎవరిదో తేలదు. అదీగాక తన పాల డబ్బు లెక్క రైతు తనే చదువుకోగలగాలి. దీని మీద నేను రాజీపడను.

5. పేజీలు, కామాలు

ఒక రైతు బిల్లు పేజీ మధ్యలో తెగి మొత్తం మాత్రం అవతలి పేజీకి పోకూడదు. ప్రతి పేజీ కింద ఆ పేజీ మొత్తం రావాలి, జాస్పర్‌లో ఇది తేలిక, మొత్తం కట్టే వేరియబుల్‌ని ప్రతి పేజీకీ రీసెట్ అయ్యేలా పెడితే సరిపోతుంది. అంకెలు 12,34,567 అని పడాలి. ఎస్‌ఎస్‌ఆర్‌ఎస్‌లో రిపోర్ట్ భాషని ఇంగ్లిష్ ఇండియా అని పెడితే లక్షల కామాలు వస్తాయి, జావాతో వచ్చే అంకెల ఫార్మాట్ మాత్రం 1,234,567 అనే ఇస్తుంది, దానికి విడిగా చిన్న ఫంక్షన్ రాసుకోవాలి. సేకరణ కేంద్రంలో డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ ఉంటే దాని మీదే తీసి చూడండి.

6. అసలు బరువు పెట్టండి

రైతులందరి బిల్లులూ ఒకేసారి, అదీ సాయంత్రం పాల సేకరణ నడుస్తుండగా తీయండి. అక్కడ కేంద్రంలో కొత్త ఎంట్రీలు పడటం ఆగితే రిపోర్టులకి డేటాబేస్ కాపీ ఒకటి వేరే పెట్టాలి, ఆ ఖర్చు కూడా ధరలో కలపండి. ఇదంతా దాటి రెండు సాఫ్ట్‌వేర్లు మిగిలితే అమ్మేవాళ్ల ఇంజినీరుని పక్కన కూర్చోబెట్టి, మీ ఆఫీసు మనిషితో బిల్లులో వెన్న శాతం పక్కన ఎస్‌ఎన్‌ఎఫ్ (పాలలో వెన్న కాక మిగిలిన ఘన పదార్థాలు) కాలమ్ ఒకటి జతచేయించండి. మీ మనిషి ఆ ఇంజినీరుని అడక్కుండా దేనిలో చేయగలిగితే అది తీసుకోండి.