పాత టర్బో ఇంజన్, పాఠం 4: బూస్ట్ పెంచే ముందు కంప్రెషన్ చూడండి

పోయిన పాఠంలో టర్బో షాఫ్ట్‌ను వేళ్లతో కదిపి చూశాం. పక్కలకు కొంచెం ఆడితే ఫరవాలేదని, ముందుకూ వెనక్కీ ఆడితే అరిగిపోయినట్టేనని తెలుసుకున్నాం. టర్బో బాగుందని తేలినవాళ్లకు ఇప్పుడు అసలు ప్రశ్న ఎదురవుతుంది. ఈ ఇంజన్ మీద ఖర్చు పెట్టాలా, ఆ డబ్బు కొత్త మోడల్‌ కోసం దాచుకోవాలా?

ముందు చిన్న లెక్క. బయటి గాలి ఒత్తిడి దాదాపు 1 బార్. కంపెనీ ఇచ్చిన బూస్ట్, అంటే టర్బో దానిమీద అదనంగా నెట్టే ఒత్తిడి, 0.6 బార్ అనుకుందాం, మొత్తం 1.6. బూస్ట్‌ను 1.0 చేస్తే మొత్తం 2.0. అంటే గాలి పావు వంతు పెరగాలి. కానీ గాలిని నొక్కితే వేడెక్కుతుంది, దాన్ని చల్లబరిచే ఇంటర్‌కూలర్ చాలకపోతే ఆ లాభంలో కొంత పోతుంది. వేడి గాలి నాకింగ్‌కూ (ఇంధనం తనంతట తానే అదుపు తప్పి పేలడానికి) దారి తీస్తుంది. పిస్టన్లు, రింగులు దెబ్బతినేది అక్కడే. అరిగిన ఇంజన్ ఈ అదనపు భారాన్ని మోయలేదు. సిలిండర్ గాలిని ఎంత ఒత్తిడికి నొక్కి పట్టగలదో చూసేదే కంప్రెషన్ పరీక్ష. నేను ఒకసారి ఈ పరీక్ష చేయకుండా బూస్ట్ పెంచి ఒక పిస్టన్ పోగొట్టుకున్నాను. అందుకే దీన్ని దాటవేయవద్దని గట్టిగా చెబుతున్నాను.

ఇంజన్‌ను బాగా వేడెక్కించి ఆపండి. చేయి కాలనంత చల్లారాక పెట్రోలు పంపు ఫ్యూజు, ఇగ్నిషన్ కాయిల్ కనెక్టర్లు తీసేయండి. స్పార్క్ ప్లగ్గులన్నీ విప్పండి. మొదటి సిలిండర్‌లో కంప్రెషన్ గేజ్ బిగించి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టుకుని, గేజ్ ముల్లు ఇక పెరగదనిపించే వరకు స్టార్టర్ తిప్పండి. మామూలుగా ఐదారు స్ట్రోకులు చాలు. రాసుకుని తర్వాతి సిలిండర్‌కు వెళ్లండి. బ్యాటరీ నిండుగా ఉండాలి, లేకపోతే అన్ని అంకెలూ తక్కువే వస్తాయి.

నాలుగు సిలిండర్లకు 11, 11, 10.8, 8 బార్ అని వచ్చాయనుకోండి. ఆ 8 వచ్చిన సిలిండర్‌లో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూడండి. అంకె బాగా పెరిగితే రింగులో, సిలిండర్ గోడో అరిగాయి. పెరగకపోతే వాల్వు మీద అనుమానం. పక్కపక్కన ఉన్న రెండు సిలిండర్లూ తగ్గితే హెడ్ గ్యాస్కెట్ వైపు చూడాలి. పాత టర్బో ఇంజన్లలో కంప్రెషన్ నిష్పత్తి (పిస్టన్ గాలిని ఎన్నో వంతుకు కుదిస్తుందనే లెక్క) తక్కువగా ఉంటుంది కాబట్టి మీ అంకెలను వేరే కారుతో పోల్చవద్దు, మీ సర్వీస్ మాన్యువల్‌తోనే పోల్చండి.

ఇలాంటి తేడా వస్తే నా మాట ఒకటే: అప్‌గ్రేడ్ ఆపండి. రిపేరు ఖర్చుకు ఇంజెక్టర్లు, క్లచ్, ట్యూనింగ్ కూడా కలిపి, ఆ మొత్తాన్ని కొత్త కారు ధర పక్కన పెట్టి చూడండి.

అంకెలు సమానంగా ఉంటే, మీకు కావాల్సిందేమిటో ఆలోచించండి. ఎక్కువ ఆర్‌పీఎమ్‌లో లాగుడు కావాలంటే పాత ఇంజన్ సంతోషంగా ఇస్తుంది. తక్కువ ఆర్‌పీఎమ్‌లోనే చురుకుదనం కావాలంటే మాత్రం కష్టం. కొత్త ఇంజన్లు చాలావాటిలో పెట్రోలు నేరుగా సిలిండర్‌లోకే చిమ్మి లోపలి గాలిని చల్లబరుస్తుంది, అందువల్ల కంప్రెషన్ నిష్పత్తి ఎక్కువ పెట్టగలుగుతారు, టర్బో ఊపందుకోకముందే ఇంజన్ చురుగ్గా లాగుతుంది. ఆ ఏర్పాటును బయటినుంచి బిగించలేం.

ఈ వారం అభ్యాసం: అన్ని సిలిండర్ల అంకెలు రాసుకోండి, తక్కువ వచ్చినవాటికి ఆయిల్ పోశాక వచ్చిన అంకెలు కూడా. వచ్చే పాఠంలో, పెరిగిన గాలికి మీ ఇంజెక్టర్లు సరిపోతాయో లేదో లెక్క కడదాం.