గిడసబారిన పిల్లల లెక్క ఉన్నట్టుండి పెరిగితే: అంగన్‌వాడీ కొలతల్లో సమస్య - పరిష్కారం

నెలవారీ కొలతలు ముగిసి నివేదిక బయటికి రాగానే నాకు వచ్చే ఫోన్లు దాదాపు ఒకే రకంగా ఉంటాయి. "సార్, మా సెక్టార్ కేంద్రాల్లో గిడసబారిన పిల్లలు ఒక్క నెలలో రెట్టింపయ్యారు. గుడ్లు, పాలు, బాలామృతం పొడి అన్నీ ఇస్తూనే ఉన్నాం. ఏం చేయమంటారు?"

గిడసబారడం, అంటే వయసుకు తగ్గ ఎత్తు లేకపోవడం, నెల రోజుల్లో వచ్చే జబ్బు కాదు. నెలలూ ఏళ్లూ తిండి చాలక, పదేపదే జబ్బుపడి ఎదుగుదల కుంటుపడితే కనిపించే ఫలితం అది. ఒక్క నెలలో లెక్క రెట్టింపయిందంటే కొలతలోనో, వయసులోనో తప్పు దొర్లింది. అయినా ముందు జరిగేది టీచర్‌కు మెమో ఇవ్వడం, తర్వాత తిండి సరుకుల మీద విచారణ. అంకెల్ని చూసేది అన్నిటికన్నా చివర.

ఇన్‌ఫాంటోమీటర్ (పడుకోబెట్టి కొలిచేది), స్టేడియోమీటర్ (నిలబెట్టి కొలిచేది) వాడటం, పోషణ్ ట్రాకర్ యాప్‌లో కొలత ఎక్కించడం మీకు వచ్చనే అనుకుంటున్నాను.

అందరూ దాటేసే మొదటి పరీక్ష

సూచికలు మూడు: వయసుకు తగ్గ బరువు, వయసుకు తగ్గ ఎత్తు, ఎత్తుకు తగ్గ బరువు. వీటిలో ఏవి చెడ్డాయో చూడకుండా పరుగెత్తకండి. మొదటి రెండింటి లెక్కలో వయసు ఉంటుంది, మూడోదానిలో ఉండదు. కాబట్టి మొదటి రెండూ చెడి మూడోది ఎప్పటిలాగే ఉంటే అనుమానించాల్సింది పుట్టిన తేదీని. మూడోది కూడా చెడితే తూకాన్నో, ఎత్తునో అనుమానించాలి. రెండు నిమిషాల పని ఇది. దీన్ని వదిలేసి సెక్టార్ మొత్తం పిల్లల్ని మళ్లీ కొలిపించిన వాళ్లున్నారు. వాళ్లలో నేనూ ఒకణ్ని, ఆ సంగతి కింద చెబుతాను.

లక్షణం: సామ్, మామ్ పిల్లలు (ఎత్తుకు తగ్గ బరువు బాగా తక్కువగా, ఓ మోస్తరు తక్కువగా ఉన్నవాళ్లు) ఒకే కేంద్రంలో హఠాత్తుగా పెరిగారు లేదా మాయమయ్యారు

తూకం మిషన్ చూడండి. కింద నేల ఎగుడుదిగుడుగా ఉందా, బ్యాటరీ దిగిపోయిందా, ఎక్కించే ముందు సున్నా చూపిందా? పరీక్షకు తూకపు రాయి లేకపోతే విప్పని బాలామృతం ప్యాకెట్ పెట్టండి. అందులో ఉండేది 2.5 కిలోలు. మిషన్ 2.9 చూపితే ఆ రోజు తూచిన పిల్లలందరినీ మళ్లీ తూచాల్సిందే. తల్లితో కలిపి తూచే చోట, తల్లి నిలబడ్డాక మిషన్‌ను సున్నాకు తేవడం మరిచిపోతే అంకె ఎలాగూ వింతగా ఉంటుంది, వెంటనే దొరికిపోతుంది. దొరకనిది చలికాలపు స్వెట్టరు, కాళ్ల కడియాలు.

లక్షణం: పిల్లాడు పోయిన నెల కన్నా పొట్టివాడయ్యాడు

వయసు రెండేళ్ల దగ్గర ఉందా? అయితే కంగారు పడకండి. రెండేళ్లు నిండేదాకా పడుకోబెట్టి కొలుస్తాం, ఆ తర్వాత నిలబెట్టి. నిలబెట్టినప్పుడు కొలత సుమారు 0.7 సెంటీమీటర్లు తక్కువ వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006 ప్రమాణాలు ఈ తేడాను లెక్కలో కలుపుకునే ఉన్నాయి. రెండేళ్లు దాటిన పిల్ల నిలబడనని మొండికేస్తే పడుకోబెట్టి కొలిచి 0.7 తీసేయండి. రెండేళ్లలోపు పిల్లను నిలబెట్టి కొలిచి ఉంటే 0.7 కలపండి. తగ్గిన అంకె బాగుండదని పాత అంకెనే మళ్లీ వేయడం మాత్రం వద్దు.

లక్షణం: అంకెలు మరీ ముచ్చటగా ఉన్నాయి

బరువులన్నీ 9.0, 9.5, 10.0 అని వస్తున్నాయి. లేదా ప్రతి పిల్లకూ నెలకు సరిగ్గా 200 గ్రాములు పెరుగుతోంది. కారణం మీకూ తెలుసు, నాకూ తెలుసు. చివరి అంకె 0 నుంచి 9 దాకా ఇంచుమించు సమానంగా రావాలి. సగానికి సగం సున్నా, అయిదు మీద ఆగితే అది చూపు మేర అంచనా. కేంద్రంలో గిడసబారిన పిల్లలు ఒక్కరూ లేరన్నా ఇదే అనుమానం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడతలో (2019-21) అయిదేళ్లలోపు పిల్లల్లో గిడసబారినవారు ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం, తెలంగాణలో 33.1 శాతం. ఊరూరికీ తేడా ఉంటుంది గానీ వరసగా కేంద్రాలన్నిటా సున్నా రాదు. టీచర్‌ను తిట్టే ముందు ఒకటి అడగండి: ఆ కేంద్రంలో పనిచేసే మిషన్ ఉందా? లేని చోట నెలనెలా కొలతలు వస్తున్నాయంటే ముందు చేయాల్సిన పని మిషన్ ఇప్పించడం.

లక్షణం: వయసుతో ముడిపడిన రెండూ చెడ్డాయి, ఎత్తుకు తగ్గ బరువు బాగానే ఉంది

నాకు చేయి కాలింది ఇక్కడే.

ఒక సంవత్సరం మా ప్రాజెక్టులో కేంద్రాల పరిధులు మారాయి. పిల్లల జాబితాను కంప్యూటర్‌లో ఎక్సెల్‌లో తెరిచి, కేంద్రాలవారీగా విడదీసి, ప్రింటు తీసి పంచాం. టీచర్లు ఆ కాగితం చూసి ఫోన్లలో పుట్టిన తేదీలు సరిచేసుకున్నారు. తర్వాతి నెల గిడసబారిన పిల్లల లెక్క ఎగిరింది. ఎత్తు కొలవడంలో తప్పని తేల్చేసి రెండుసార్లు మళ్లీ కొలిపించాను. కొలతలు మారలేదు. మారవు కూడా, అవి మొదటినుంచీ సరైనవే.

చివరికి ఒక టీచర్ తల్లీబిడ్డల కార్డు తెచ్చి నా ముందు పెట్టింది. "సార్, వీడు దీపావళి వెళ్లాక పుట్టాడు. మీ కాగితంలో మే నెల అని ఉంది."

కార్డులో ఉన్నది 05-11-2022. కాగితంలో ఉన్నది 11-05-2022. ఆ కంప్యూటర్‌లో తేదీల పద్ధతి అమెరికాది: ముందు నెల, తర్వాత రోజు. నవంబరు 5ను అది మే 11గా చదువుకుని, ప్రింటులో రోజు ముందుండే మన పద్ధతిలో 11-05 అని వేసింది. పిల్లాడికి ఒక్క దెబ్బతో ఆరు నెలల వయసు పెరిగింది.

ఇప్పుడు లెక్క చూడండి. 2024 మే 13న కొలిచినప్పుడు వాడి పొడవు 79 సెంటీమీటర్లు, బరువు 9.4 కిలోలు. అసలు వయసు 18 నెలలు. ఆ వయసు మగపిల్లాడికి గిడసబారిన హద్దు 76.9 సెంటీమీటర్లు, తక్కువ బరువు హద్దు 8.8 కిలోలు. రెండూ దాటాడు, ఆరోగ్యంగా ఉన్నాడు. కాగితం ప్రకారం వయసు 24 నెలలు. అక్కడ హద్దులు పడుకోబెట్టి కొలిస్తే 81.7 సెంటీమీటర్లు, బరువుకు 9.7 కిలోలు. రెండింటిలోనూ తప్పాడు. పైగా రెండేళ్లు నిండాయి కాబట్టి నిలబెట్టి కొలుస్తారు, ఆ 0.7 ప్రమాణంలోనే సర్దుబాటు అవుతుంది గానీ ఏడాదిన్నర పిల్లాడు స్టేడియోమీటర్ ముందు నిటారుగా నిలబడతాడా?

దీనికి తిరగేసిన బొమ్మ ఇంకా ప్రమాదం. నిజంగా మే 11న పుట్టి, అదే 79 సెంటీమీటర్లున్న పిల్లాడు నవంబరు 5 వాడిగా మారితే యాప్‌లో ఆకుపచ్చగా, అంటే ఆరోగ్యంగా ఉన్నట్టు కనిపిస్తాడు. అదనపు ఆహారం, ఇంటి సందర్శన అవసరమైన బిడ్డ జాబితాలోంచే జారిపోతాడు. పెరిగిన లెక్క గురించి ఫోన్ చేసేవాళ్లున్నారు, ఇలా జారిపోయినవాళ్ల గురించి ఒక్కరూ చేయరు.

ఎందుకు దొరకదంటే, తప్పు అన్ని తేదీల్లోనూ ఉండదు. 13 నుంచి 31 దాకా రోజులను నెలగా చదవడం కుదరదు కాబట్టి అవి అలాగే మిగులుతాయి. 5-5, 7-7 లాంటివి తిరగేసినా ఒకటే. ఏడాదిలో తారుమారయ్యే తేదీలు 132, అంటే మూడో వంతు పైచిలుకు. భవిష్యత్తులోకి వెళ్లిన తేదీలు ఎవరి కంటికైనా ఆనతాయి, టీచర్లు వాటిని అక్కడికక్కడే దిద్దేస్తారు. దాంతో జాబితా తనిఖీ అయిపోయినట్టు అందరికీ నమ్మకం కలుగుతుంది.

గుర్తుపట్టడం: ఎక్సెల్‌లో పుట్టిన తేదీ గడుల వెడల్పు పెంచి చూడండి. కొన్ని తేదీలు ఎడమ అంచుకు, కొన్ని కుడి అంచుకు అతుక్కుని ఉన్నాయా? ఎడమవి అక్షరాలుగా మిగిలినవి, వాటిలో రోజు 12 దాటి ఉంటుంది. కుడివి కంప్యూటర్ తేదీగా మార్చేసినవి, తారుమారైనవి అవే. ఎవరైనా అందం కోసం అన్నిటినీ మధ్యకు జరిపి ఉంటే ఈ ఆనవాలు పోతుంది, ముందు ఆ అమరిక తీసేయండి.

దిద్దుబాటు: ఆ ఫైలులో రోజునూ నెలనూ తిరగేసి బాగుచేయాలని చూడకండి. కొన్ని తేదీలు టీచర్లు ఇప్పటికే దిద్ది ఉంటారు, అవి మళ్లీ చెడతాయి. అసలు ఫైలు కొత్తగా దించుకుని, కంప్యూటర్ ప్రాంతాన్ని ఇండియాగా మార్చి, తేదీ గడిని అక్షరాలుగా తెరవండి. ప్రింటులో నెలను అంకెతో కాక పేరుతో వేయండి: 05 నవంబరు 2022. రోజు 12 లోపున్న పిల్లల్ని మాత్రం ఒక్కొక్కరినీ తల్లీబిడ్డల కార్డుతోనో, జనన ధ్రువపత్రంతోనో సరిచూడండి. కార్డు పోయిందంటే ఆసుపత్రి డిశ్చార్జి కాగితం అడగండి. అదీ లేకపోతే పండుగలు, పంట కోతలు గుర్తుచేసి అడగండి, తల్లికి తేదీ గుర్తులేకపోయినా నెల గుర్తుంటుంది. తేదీ మార్చాక ఆ నెల కొలతను మళ్లీ తెరిచి రంగు మారిందో లేదో చూసుకోండి.

జనవరి 1న పుట్టినవాళ్లు గుంపుగా కనిపిస్తే అది వేరే రోగం. తేదీ తెలియక ఎవరో వేసిన అంకె అది. దానికీ మందు ఆ కార్డే.

మిగతావి

ఆడపిల్లను మగపిల్లాడిగా ఎక్కించడం: 24 నెలల దగ్గర హద్దు 1.7 సెంటీమీటర్లు మారుతుంది, ఒకసారి చూసి దిద్దేయండి. సర్వర్ తప్పు, యాప్ పాత వెర్షన్: అందరూ ముందు నింద వేసేది దీనిమీదే, నాకు ఎదురైంది చాలా తక్కువ. బరువు బాగున్నా రెండు పాదాలూ ఉబ్బి, బొటనవేలితో నొక్కితే గుంట పడితే డేటా సంగతి పక్కన పెట్టి ఆ బిడ్డను ఆ రోజే ఆసుపత్రికి పంపండి.