పిన్ను కొనే ముందు, మార్చుకునే ముందు

నెల్లూరులో కూర్చొని ఫోన్‌లో బేరమాడేవారికి డిస్నీ పిన్నును (డిస్నీ బొమ్మలతో ఉండే, బట్టలకు గుచ్చుకునే చిన్న లోహపు బిళ్లను) ముందుగా తాకి చూసే వీలుండదు కనుక, డబ్బు పంపక మునుపే ముందువైపు, వెనకవైపు పగటి వెలుతురులో తీసిన ఫోటోలు అడిగి తెప్పించుకోవాలి. 1999లో అమెరికాలోని డిస్నీ వరల్డ్ వినోద పార్కులో మొదలైన ఈ పిన్నుల మార్పిడి సరదాలో నకిలీలను తరచూ ఎనామెల్ (లోహం మీద నింపే రంగు పూత) దగ్గరే పట్టుకోవచ్చు. రంగు అంచుదాకా సమంగా నిండిందో లేదో, గుంటలు, బుడగలు ఉన్నాయేమో భూతద్దంతో పరిశీలించాలి. నా దగ్గరున్న ఒక నకిలీలో మిక్కీ చెవి నలుపు పక్కనున్న ఎరుపులోకి పాకింది; అంచు మీద వేలు పెడితే గీసుకుంటుంది.

చాలా డిస్నీ పిన్నుల వెనక చిన్న చిన్న మిక్కీ తలల అచ్చు అంచుదాకా సాగి అక్కడ తెగిపోతుంది. నకిలీల్లో తరచూ చుట్టూ గట్టులాంటి అంచు మిగులుతుంది. అయితే పాత అసలు పిన్నుల్లో ఈ అచ్చే ఉండకపోవచ్చు కాబట్టి, ఒక్క గుర్తును నమ్మి తేల్చకూడదు.

యాభై, వంద పిన్నులు కలిపి గుత్తగా చవకగా ఇస్తామంటే అనుమానించాలి. అభిమానులు సొంతంగా చేయించుకున్న పిన్నులు అందంగానే ఉంటాయి గానీ, అవి అధికారికం కావని మార్చుకునేటప్పుడు ముందే చెప్పాలి. నకిలీ అని తేలినదాన్ని మరొకరికి, ముఖ్యంగా పిల్లలకు, అంటగట్టకుండా విడిగా పెట్టుకోవాలి.