గ్యాస్ ఆదా చేసే గడ్డిపెట్టె
రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్‌లో 1940 జనవరి నుంచి తిండికి రేషన్ మొదలైంది. బొగ్గు, గ్యాస్ కూడా పొదుపుగా వాడుకోమన్నారు. అప్పుడు అక్కడి ఇల్లాళ్లకు అక్కరకొచ్చింది గడ్డిపెట్టె. చెక్కపెట్టెలో ఎండుగడ్డి దట్టంగా కూరి, మధ్యలో గిన్నె పట్టేంత గుంత చేసేవారు. పొయ్యి మీద కాసేపు ఉడికిన కూరను గిన్నె మూతతో సహా అందులో దించి, పైన గడ్డి నింపిన దిండు వేసేవారు. మిగతాది ఆ వేడికే నెమ్మదిగా ఉడికేది.

మనకు ఎండుగడ్డి అక్కర్లేదు, పాత బొంత చాలు. బాగా నానిన కందిపప్పును మందపాటి గిన్నెలో 15 నిమిషాలు తెర్లనివ్వండి. గిన్నె దాదాపు నిండుగా ఉండాలి, సగమే ఉంటే త్వరగా చల్లారిపోతుంది. మూత బిగించి, పొయ్యి మీంచి దించిన వెంటనే, వేడి తగ్గకముందే బొంతలో చుట్టి అట్టపెట్టెలో పెట్టండి. 3 గంటల పాటు మూత తీయకండి, ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను. తీశాక ఒక పప్పుబద్ద వేళ్ల మధ్య నొక్కి చూడండి, మెత్తగా నలగాలి. తినేముందు మళ్లీ ఓసారి బాగా మరిగించండి. రాజ్మా, మాంసం మాత్రం ఇలా వద్దు, వాటిని పొయ్యి మీదే పూర్తిగా ఉడికించండి.