కారులో లైవ్ ట్రాఫిక్ నావిగేషన్ సరిగ్గా పెట్టుకోవడం ఎలా?

కారులో అరచేతికి రెండింతల స్క్రీన్ పెట్టుకుని కూడా, హైదరాబాద్ మెహదీపట్నం దగ్గర ఫ్లైఓవర్ ఎక్కాల్సినవాళ్లు కిందే ఉండిపోయి మ్యాప్‌ని తిడుతుంటారు. తప్పు చాలాసార్లు మ్యాప్‌ది కాదు, బయల్దేరే ముందు దారి చూసుకోకపోవడమే.

కావలసినవి: ఫోన్‌లోని మ్యాప్‌ని కారులో చూపించే ఆండ్రాయిడ్ ఆటో లేదా కార్‌ప్లే ఉన్న స్క్రీన్, నెట్ ఉన్న ఫోన్, మంచి కేబుల్. వైర్‌లెస్ ఉన్నా సరే, కేబులే పెట్టండి. ఫోన్ ఒళ్లో పెట్టుకుని నడిపేవాళ్లకు ఇక్కడితో నమస్కారం.

లొకేషన్ ఆన్ చేసి, గూగుల్ మ్యాప్స్‌లో వెళ్లాల్సిన చోటు కొట్టండి. పైన కారు గుర్తే ఉందా అని చూడండి. బైక్ గుర్తు మీద ఉండిపోతే కారు పట్టని గల్లీలోకి తీసుకెళ్లి వదిలేస్తుంది. టోల్ రోడ్లు వద్దని ఎప్పుడో సెట్టింగ్ పెట్టి మర్చిపోయుంటే ఔటర్ రింగ్ రోడ్డు వైపే పోనివ్వదు. ఆఫ్‌లైన్ మ్యాప్ ఉంది కదా అని నెట్ ఆపేస్తే దారి వస్తుంది గానీ ట్రాఫిక్ రాదు. ముందు వెళ్తున్నవాళ్ల ఫోన్లు ఎంత వేగంతో కదులుతున్నాయో చూసే రోడ్డుకి ఎరుపు, నారింజ రంగులు వేస్తారు, అది నెట్‌లోంచే రావాలి.

ఇప్పుడు అసలు తలనొప్పి: పైనా, కిందా?

మెహదీపట్నం నుంచి ఎయిర్‌పోర్ట్ వైపు వెళ్లే ఫ్లైఓవర్, పీవీ ఎక్స్‌ప్రెస్‌వే, ఆరాంఘర్ దాకా 11 కిలోమీటర్లకు పైగానే ఉంటుంది, దాని కిందే ఇంకో రోడ్డు. మ్యాప్‌లో రెండూ ఒకదాని మీద ఒకటి ఉంటాయి కాబట్టి మీరు పైనున్నారో కిందున్నారో ఫోన్ సరిగ్గా పసిగట్టలేదు. ఫ్లైఓవర్ ఎక్కమని ముందే చెప్పే సదుపాయం గూగుల్ 2024లో తెచ్చింది, మంచిదే, కానీ దాన్నే నమ్ముకుని కూర్చోకండి. బండి కదలకముందే రూట్‌ని వేళ్లతో పెద్దది చేసి, ర్యాంప్ ఎక్కడ మొదలవుతుందో, దానికి ముందు ఏ లేన్‌లో ఉండాలో చూసుకోండి. ఎయిర్‌పోర్ట్‌కైతే పైకి. దారిలో అత్తాపూర్‌లో ఎవరైనా ఈ ఫ్లైఓవర్ ఫలానా పిల్లర్ నంబర్ దగ్గరికి రమ్మన్నారంటే మాత్రం కిందే, మారుమాట లేదు. పైకెక్కాక మధ్యలో దిగే ర్యాంప్‌లు చాలా తక్కువ.

ర్యాంప్ దాటిపోయిందా? పోనివ్వండి. కింద నడుపుతుంటే పైనున్నట్టు చూపించినా కంగారుపడి బ్రేక్ వేయకండి, రోడ్లు విడిపోయిన చోట అదే సర్దుకుంటుంది. ఔటర్ మీద ఎగ్జిట్ తప్పితే తర్వాతి ఎగ్జిట్‌లో దిగి వెనక్కి రండి. రివర్స్ గేర్ వేసేవాళ్లని చూస్తూనే ఉంటాం, వాళ్ల వెనక వచ్చే లారీకి ఆ సంగతి ఏ మ్యాపూ చెప్పదు.

మధ్యలో "రెండు నిమిషాలు ఆదా" అని కొత్త దారి చూపిస్తే వద్దనండి. పది నిమిషాలకు తక్కువైతే నేను పట్టించుకోను, మీరూ పట్టించుకోకండి.